బోలు ఎముకల వ్యాధి మందులు: క్యాల్షియం, విటమిన్ డిలతో కలిపి వాడే పద్ధతి

బోలు ఎముకల వ్యాధికి డాక్టర్ రాసిచ్చే చీటీలో సాధారణంగా మూడు పేర్లుంటాయి: ఎముక కరిగిపోకుండా ఆపే మందు, క్యాల్షియం బిళ్ళ, విటమిన్ డి. మొదటి మందు ఒంట్లో క్షేమంగా పనిచేయాలంటే మిగతా రెండూ తప్పనిసరి. కానీ ఆ మందునూ క్యాల్షియాన్నీ ఒకే గుక్కలో మింగితే మందు రక్తంలోకి చేరనే చేరదు. ఒంట్లో తోడుగా ఉండాల్సినవి కడుపులో ఎదురుపడకూడదు. ఈ సంగతిని రోగికి విడమరచి చెప్పకపోతే ఏళ్ల తరబడి వాడిన మందు కూడా వృథా అవుతుంది. ఈ వ్యాసం ముఖ్యంగా ఆ సంగతి గురించే.

వ్యాధి

ఎముక జీవమున్న కణజాలం. పాత ఎముకను కరిగించే కణాలు (ఆస్టియోక్లాస్టులు), కొత్త ఎముకను పేర్చే కణాలు (ఆస్టియోబ్లాస్టులు) జీవితాంతం పక్కపక్కనే పనిచేస్తుంటాయి. ముట్లుడిగిన తర్వాత స్త్రీలలో ఈస్ట్రోజెన్ తగ్గిపోవడంతో కరిగే వేగం పేరుకునే వేగాన్ని మించుతుంది. పురుషుల్లో ఇది ఆలస్యంగా, నెమ్మదిగా జరుగుతుంది. ఉబ్బసానికో కీళ్లవాతానికో నెలల తరబడి స్టెరాయిడ్లు మింగినవారిలో ఏ వయసులోనైనా రావచ్చు. మోకీళ్ల అరుగుదల వేరు, ఇది వేరు. ఎముక గుల్లబారడం నొప్పి పెట్టదు; విరిగితేనే బయటపడుతుంది. ఎక్కువగా విరిగేవి వెన్నుపూసలు, మణికట్టు, తుంటి. వెన్నుపూస కుంగినా చాలామంది దాన్ని వయసు మీదపడి నడుం వంగిందనే అనుకుంటారు.

డెక్సా స్కాన్‌లో ఎముక సాంద్రతను ఆరోగ్యవంతులైన యువతుల సగటుతో పోలుస్తారు. ఆ తేడాను చెప్పే టి-స్కోరు −2.5 గానీ అంతకన్నా తక్కువ గానీ ఉంటే బోలు ఎముకల వ్యాధి అని 1994లో ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు పెట్టింది. నిలబడ్డ ఎత్తు నుంచి పడినంత మాత్రానే తుంటి గానీ వెన్నుపూస గానీ విరిగితే, స్కోరు ఎంత ఉన్నా చికిత్స మొదలుపెట్టడానికి అదే చాలు.

క్యాల్షియం ఒక్కటే వాడితే ఈ జబ్బుకు చికిత్స చేసినట్టు కాదు. అమెరికాలో 36,282 మంది స్త్రీలకు రోజుకు 1,000 మి.గ్రా. క్యాల్షియం, 400 యూనిట్ల విటమిన్ డి ఇచ్చి ఏడేళ్లపాటు చూసిన అధ్యయనం 2006లో వెలువడింది. తుంటి విరగడంలో చెప్పుకోదగ్గ తగ్గుదల కనిపించలేదు. కిడ్నీలో రాళ్లు మాత్రం 17 శాతం పెరిగాయి. తుంటి విరిగిన తర్వాత కూడా క్యాల్షియం బిళ్ళలు మాత్రమే ఇచ్చి ఇంటికి పంపితే, అసలు వైద్యం మొదలే కాలేదని కుటుంబం అర్థం చేసుకుని అడగాలి.

బిస్ఫాస్ఫోనేట్లు

ఈ జబ్బుకు ప్రపంచమంతా ఎక్కువగా వాడే మందుల కుటుంబం ఇదే: అలెండ్రోనేట్, రైసెడ్రోనేట్, ఐబాండ్రోనేట్, సూదిగా ఇచ్చే జోలెడ్రోనిక్ ఆమ్లం. మందులు కాకముందు ఈ జాతి రసాయనాలు పరిశ్రమల్లో ఉండేవి. నీటి గొట్టాల లోపల సున్నపు పెచ్చులు కట్టకుండా చూడటం వాటి పని. క్యాల్షియాన్ని పట్టుకునే ఆ గుణాన్నే 1960లలో స్విట్జర్లాండ్‌లో హెర్బర్ట్ ఫ్లైష్ బృందం ఎముక వైపు మళ్లించింది. ఈ పదార్థాలు ఎముకలోని క్యాల్షియం స్ఫటికాలకు అతుక్కుంటాయనీ, ఎముకను కరిగించే కణాలను నిలువరిస్తాయనీ వారు చూపారు. అమెరికాలో అలెండ్రోనేట్‌కు 1995లో అనుమతి వచ్చింది. అప్పటికే వెన్నుపూస విరిగి ఉన్న 2,027 మంది స్త్రీలపై జరిపిన పరీక్ష ఫలితాలు మరుసటి ఏడు వచ్చాయి. కొత్తగా వెన్నుపూసలు విరగడం, తుంటి విరగడం కూడా దాదాపు సగానికి తగ్గాయి.

మందుకు బలమిచ్చిన గుణమే దానికి చిక్కు కూడా తెచ్చింది. ఎముకలోని క్యాల్షియానికి అతుక్కునే పదార్థం దారిలో ఎదురైన ఏ క్యాల్షియానికైనా, అలాంటి ఇతర లోహాలకైనా అతుక్కుంటుంది. పాలు, పెరుగు, రాగిజావ, క్యాల్షియం బిళ్ళ, గ్యాస్‌కు తాగే తెల్లటి టానిక్కులు, ఇనుము బిళ్ళ: వీటిలో ఏది పేగులో ఉన్నా మందు దానితో ముడిపడి మలంలో పోతుంది. అసలే ఇది పేగు నుంచి రక్తంలోకి సరిగా ఎక్కే మందు కాదు. పరగడుపున మంచినీళ్లతో వేసుకున్నా 70 మి.గ్రా. బిళ్ళలో ఒంటికి పట్టేది ఒక శాతం కూడా ఉండదు. సుమారు అర మిల్లీగ్రాము. ఆ అర మిల్లీగ్రామే ఎముకను కాపాడాలి. కాఫీతో గానీ నారింజ రసంతో గానీ వేసుకుంటే అందులోనూ 60 శాతం పోతుంది. తిన్న తర్వాత వేసుకుంటే మిగిలేది లెక్కలోకి రాదు.

మింగే రోజు

అలెండ్రోనేట్ 70 మి.గ్రా., రైసెడ్రోనేట్ 35 మి.గ్రా. వారానికి ఒక్కసారి వేసుకునే బిళ్ళలు. ఐబాండ్రోనేట్ 150 మి.గ్రా. నెలకు ఒకటి. వారం బిళ్ళను పొరపాటున రోజూ మింగడం ప్రమాదం. అందుకే ఇంట్లో రోజువారీ బీపీ, షుగరు మందుల డబ్బాలో దీన్ని కలపకుండా, వారంలో ఒక రోజు అనుకుని క్యాలెండరులో గుర్తు పెట్టుకోవడం మేలు. ఆదివారం అయితే ఇంట్లో మరొకరు కూడా గుర్తు చేస్తారు.

ఆ రోజు పొద్దున లేవగానే, కాఫీ టీలకు ముందే, పరగడుపున పెద్ద గ్లాసు నిండా మామూలు నీళ్లతో బిళ్ళను మొత్తంగా మింగాలి. నమలకూడదు, చప్పరించకూడదు. మింగాక కనీసం అరగంట, ఐబాండ్రోనేట్ అయితే గంట, ఏమీ తినకూడదు, ఇంకే మందూ వేసుకోకూడదు, పడుకోకూడదు. కూర్చోవచ్చు, నడవచ్చు, ఇంటి పని చేసుకోవచ్చు. పడుకోవద్దనడానికి బలమైన కారణం ఉంది. బిళ్ళ అన్నవాహికలో నిలిచిపోతే అక్కడి పొరను పుండు చేస్తుంది. మందు మార్కెట్‌లోకి వచ్చిన కొత్తలో ఇలాంటి తీవ్రమైన పుండ్లు బయటపడ్డాకే గ్లాసెడు నీళ్లు, నిటారుగా ఉండటం అన్న షరతులను గట్టిగా చెప్పడం మొదలైంది. మింగుతుంటే నొప్పి, రొమ్ము ఎముక వెనక మంట కొత్తగా మొదలైతే తర్వాతి బిళ్ళ వేసుకోకుండా డాక్టరుకు చెప్పాలి. అన్నవాహిక సన్నబడినవారికి, అరగంట నిటారుగా కూర్చోలేనివారికి ఈ బిళ్ళలు ఇవ్వకూడదు. మంచం పట్టిన పెద్దవారికి సూది మందే దారి.

నీళ్ల విషయంలో ఒక అయోమయం ఉంది. మందు పెట్టెలోని కాగితం మినరల్ వాటర్ వద్దంటుంది. అది ఖనిజాలు సహజంగా ఎక్కువగా ఉండే ఊట నీళ్లను ఉద్దేశించిన మాట. మన ఊళ్లలో 20 లీటర్ల డబ్బాల్లో వచ్చే ఆర్‌ఓ నీళ్లలో క్యాల్షియం తక్కువే, అవి పనికొస్తాయి. గిన్నెల మీద తెల్లటి పెచ్చు కట్టే బోరు నీళ్లు మాత్రం ఆ ఒక్క గ్లాసుకు వాడకపోవడం మంచిది.

థైరాయిడ్ బిళ్ళ కూడా పరగడుపుదే కాబట్టి రెండూ వాడే స్త్రీలకు ఆ రోజు ఏది ముందన్న సందేహం వస్తుంది. ఎముకల బిళ్ళ ముందు. అరగంట (ఐబాండ్రోనేట్ అయితే గంట) ఆగి థైరాయిడ్ బిళ్ళ. ఇంకో అరగంట, వీలైతే గంట ఆగి టిఫిను. క్యాల్షియం థైరాయిడ్ మందుకూ అడ్డుపడుతుంది గనుక ఆ రెండింటి మధ్య నాలుగు గంటలుండాలి. అంటే క్యాల్షియం మధ్యాహ్న భోజనంతోనో రాత్రి భోజనంతోనో వేసుకోవాలి. ఈ సర్దుబాటును ఒకసారి డాక్టరుతోనో ఫార్మసిస్టుతోనో కూర్చుని కాగితం మీద రాయించుకుంటే ఇంట్లో ఎవరికైనా తెలుస్తుంది.

వారం బిళ్ళ వేసుకోవడం మరిచిపోతే గుర్తొచ్చిన మర్నాటి పొద్దున వేసుకుని, తర్వాత మళ్లీ అనుకున్న రోజుకే రావాలి. ఒకే రోజు రెండు వేసుకోకూడదు.

మందుకూ క్యాల్షియానికీ మధ్య ఈ ఎడబాటును మందుల కంపెనీలు కూడా పాటించాయి. అలెండ్రోనేట్‌లో విటమిన్ డి కలిపిన బిళ్ళలున్నాయి, ఎందుకంటే విటమిన్ డి మందుకు అడ్డుపడదు. క్యాల్షియం కలిపిన బిళ్ళ మాత్రం లేదు. రైసెడ్రోనేట్‌ను క్యాల్షియంతో ఒకే పెట్టెలో అమెరికాలో అమ్మినప్పుడు అందులో మందు బిళ్ళలు 4, క్యాల్షియం బిళ్ళలు 24 ఉండేవి. వారంలో ఒక రోజు మందు, మిగతా ఆరు రోజులు క్యాల్షియం.

అయినా క్యాల్షియం ఎందుకు తప్పదు

రక్తంలో క్యాల్షియం ఎప్పుడూ ఒకే మట్టంలో ఉండాలి. గుండె, నరాలు, కండరాలు దాని మీదే నడుస్తాయి. తిండిలో లోటు వస్తే శరీరం ఎముకను కరిగించి ఆ లోటు పూడుస్తుంది. ఎముకల మందు ఆ తలుపు మూసేస్తుంది. ఇక రక్తానికి మిగిలిన దారి పేగు ఒక్కటే. తిండిలో క్యాల్షియం లేకపోయినా, దాన్ని పేగు నుంచి లాగే విటమిన్ డి లేకపోయినా రక్తంలో క్యాల్షియం పడిపోతుంది. పెదవుల చుట్టూ, వేళ్ల కొసల్లో తిమ్మిరి, కండరాలు పట్టేయడం, తీవ్రమైతే మూర్ఛ, గుండె లయ తప్పడం కనిపిస్తాయి. అందువల్ల క్యాల్షియం తక్కువగా ఉన్నవారికి ముందు ఆ లోటు సరిచేశాకే మందు మొదలుపెట్టాలి. ఈ మందుల పెద్ద పరీక్షల్లో దాదాపు అన్నింటిలోనూ పాల్గొన్నవారికి క్యాల్షియం, విటమిన్ డి లోటు లేకుండా చూశారు. మందు గురించి మనకు తెలిసిన మేలు చాలావరకు ఆ పునాది మీద రుజువైనదే.

తెలుగు ప్రాంతాల్లో ఆ పునాది బలహీనం. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన వీణా శత్రుఘ్న బృందం నగరంలోని పేద కుటుంబాల స్త్రీలను పరిశీలించి 2005లో ఫలితాలు ప్రచురించింది. వాళ్ల తిండిలో రోజుకు అందుతున్న క్యాల్షియం సుమారు 270 మి.గ్రా. మాత్రమే. భారత వైద్య పరిశోధన మండలి 2020లో పెద్దవారికి 1,000 మి.గ్రా., ముట్లుడిగిన స్త్రీలకు 1,200 మి.గ్రా. కావాలని చెప్పింది. పాలిష్ బియ్యం అన్నం, పలుచటి చారు, నీళ్ల మజ్జిగతో గడిచే రోజులో ఈ మొత్తం రాదు.

బిళ్ళ కొనేముందు కంచం లెక్క చూసుకోవాలి. వంద మిల్లీలీటర్ల పాలలో గానీ అంతే పెరుగులో గానీ సుమారు 120 మి.గ్రా. క్యాల్షియం ఉంటుంది, వంద గ్రాముల రాగుల్లో 340కి పైనే. మునగాకు, నువ్వులు మంచి వనరులు. పాలకూరలో ఉన్నా ఆక్సలేట్ల వల్ల ఒంటికి పట్టేది తక్కువ. రాగుల్లోని ఫైటేట్లు కూడా కొంత అడ్డుపడతాయి. పులియబెట్టిన అంబలిలో అవి తగ్గుతాయి. రోజంతా కలిపి రెండు గ్లాసుల పాలూ పెరుగూ, ఒక పూట రాగి ముద్ద లేదా జావ, ఒక ఆకుకూర ఉంటే ఏడెనిమిది వందలు వస్తుంది. అలాంటివారికి 500 మి.గ్రా. బిళ్ళ ఒకటి చాలు. పాలు ముట్టనివారికి రెండు కావచ్చు. తిండీ బిళ్ళలూ కలిపి యాభై దాటినవారికి రోజుకు 2,000 మి.గ్రా. మించకూడదు.

సీసా మీది అంకె దగ్గర పొరబడేవారున్నారు. క్యాల్షియం కార్బొనేట్‌లో అసలు క్యాల్షియం 40 శాతం, అంటే 1,250 మి.గ్రా. కార్బొనేట్ బిళ్ళలో 500 మి.గ్రా. క్యాల్షియం సిట్రేట్‌లో అది 21 శాతమే. కార్బొనేట్‌కు కడుపులోని ఆమ్లం కావాలి కాబట్టి భోజనంతో వేసుకోవాలి. రోజూ గ్యాస్ బిళ్ళ వాడేవారికి ఆమ్లం తక్కువ గనుక సిట్రేట్ నయం. దానికి భోజనంతో పనిలేదు. ఒక విడతకు 500 మి.గ్రా. మించితే పేగు సరిగా తీసుకోలేదు, అందుకే రెండు బిళ్ళలు కావాల్సినవారు రెండు పూటలకు పంచుకోవాలి. ఇనుము బిళ్ళ, సిప్రోఫ్లాక్సాసిన్, డాక్సీసైక్లిన్ లాంటి యాంటీబయాటిక్కులు కూడా క్యాల్షియంతో కలవకూడనివే. బీపీకి థయజైడ్ రకం బిళ్ళ వాడేవారిలో క్యాల్షియం మూత్రంలో పోవడం తగ్గుతుంది; వాళ్లు ఎక్కువ మోతాదులో వాడితే రక్తంలో క్యాల్షియం పెరగొచ్చు.

విటమిన్ డి

ఎండకు కొదవలేని నేల మీద విటమిన్ డి లోటేమిటని చాలామంది అడుగుతారు. తిరుపతిలో హరినారాయణ్ బృందం చేసిన అధ్యయనాలు దీనికి జవాబిస్తాయి. ఆరోగ్యంగా ఉన్న దక్షిణ భారతీయుల్లోనూ, ముట్లుడిగిన స్త్రీలలోనూ ఎక్కువమందికి ఈ లోటు ఉందని తేలింది. చర్మం విటమిన్ డిని బాగా తయారుచేసేది పగలు 11 నుంచి 2 గంటల మధ్య ఎండలోనే అని కూడా ఆ బృందం చూపింది. ఆ వేళ మన ఊళ్లలో పెద్దవాళ్లు నీడ పట్టున ఉంటారు. ఉదయపు లేత ఎండలో కూర్చోవడం మనసుకు హాయే గానీ విటమిన్ డికి పెద్దగా అక్కరకు రాదు.

రోజూ వాడాల్సింది సాధారణంగా 600 నుంచి 800 యూనిట్లు. డాక్టరు పర్యవేక్షణ లేకుండా 4,000 దాటకూడదు. లోటు పూడ్చడానికి మన దగ్గర 60,000 యూనిట్ల గుళికనో పొడి ప్యాకెట్టునో వారానికొకటి చొప్పున ఎనిమిది వారాలు రాస్తారు. ఇక్కడే పెద్ద ప్రమాదం. వారానికొకటి అన్నది రోజుకొకటిగా మారవచ్చు. ఎనిమిది వారాల చీటీ చూపించి మందుల షాపులో ఏడాదంతా కొంటూ పోవచ్చు. ఒక డాక్టరు గుళికలు రాస్తే, మరొకరు ఆరు లక్షల యూనిట్ల సూది వేయవచ్చు. విటమిన్ డి కొవ్వులో నిలవ ఉంటుంది, మూత్రంలో పోదు. మితిమీరితే రక్తంలో క్యాల్షియం పెరిగి వాంతులు, విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం, మలబద్ధకం, మతి తప్పినట్టుండటం వస్తాయి, కిడ్నీలు దెబ్బతింటాయి. పెద్దవయసులో ఈ లక్షణాలను వయసు మీదికి నెట్టేస్తారు. నెలల తరబడి 60,000 యూనిట్ల గుళికలు వాడుతున్నవారికి ఇవి కనిపిస్తే ఆ రోజే రక్తంలో క్యాల్షియం, కిడ్నీల పనితీరు చూపే క్రియాటినిన్ పరీక్ష చేయించాలి.

పెద్ద మోతాదు ఒకేసారి ఇస్తే మంచిదన్న నమ్మకాన్ని 2010లో ఆస్ట్రేలియా అధ్యయనం ఒకటి వమ్ము చేసింది. డెబ్భై ఏళ్లు పైబడిన 2,256 మంది స్త్రీలలో కొందరికి ఏడాదికొకసారి 5 లక్షల యూనిట్లు మింగించారు. వాళ్లు పడిపోవడం 15 శాతం, ఎముకలు విరగడం 26 శాతం పెరిగాయి.

బిళ్ళ వెనక చిన్న అక్షరాలు కూడా చదవాలి. కొన్ని క్యాల్షియం బిళ్ళల్లో మామూలు విటమిన్ డి3 కాకుండా కాల్సిట్రయాల్ ఉంటుంది. అది విటమిన్ డి శరీరంలో చివరికి మారే చురుకైన రూపం. కిడ్నీ జబ్బులో దానికి చోటుంది. మామూలు లోటుకు అది ప్రత్యామ్నాయం కాదు, పైగా రక్తంలో క్యాల్షియాన్ని త్వరగా పెంచుతుంది. కాల్సిట్రయాల్ ఉన్న బిళ్ళను కొలికాల్సిఫెరాల్ (మామూలు విటమిన్ డి3) గుళికలతో పాటు వాడుతుంటే ఆ సంగతి డాక్టరుకు తెలియాలి.

సూది మందులు

జోలెడ్రోనిక్ ఆమ్లం 5 మి.గ్రా. ఏడాదికొకసారి రక్తనాళంలోకి, కనీసం 15 నిమిషాలపాటు నెమ్మదిగా ఎక్కిస్తారు. పేగుతో పని లేదు కనుక పరగడుపు నియమం లేదు. కానీ మందు మొత్తం ఒకేసారి రక్తంలోకి చేరుతుంది కాబట్టి క్యాల్షియం, విటమిన్ డి, కిడ్నీ పరీక్షలు ముందే చూడాలి. ముందు రోజు నుంచి బాగా నీళ్లు తాగాలి. మొదటిసారి తీసుకున్నవారిలో సుమారు మూడో వంతు మందికి మూడు రోజుల్లోపు జ్వరం, ఒళ్లునొప్పులు వస్తాయి, పారాసిటమాల్‌తో తగ్గుతాయి. అలెండ్రోనేట్‌నూ దీన్నీ కిడ్నీ వడపోత సామర్థ్యం నిమిషానికి 35 మిల్లీలీటర్ల కన్నా తగ్గినవారికి ఇవ్వరు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలా కిడ్నీ జబ్బులు విస్తరించిన చోట క్రియాటినిన్ చూడకుండా ఈ మందు రాయడం తప్పు.

డెనోసుమాబ్ ఆరు నెలలకొకసారి చర్మం కింద ఇచ్చే 60 మి.గ్రా. సూది. కిడ్నీ బలహీనంగా ఉన్నా ఇవ్వగలగడం దీని సౌలభ్యం. అయితే కిడ్నీ జబ్బు బాగా ముదిరినవారిలో, ముఖ్యంగా డయాలసిస్‌లో ఉన్నవారిలో క్యాల్షియం ప్రాణాపాయస్థాయికి పడిపోవచ్చని 2024 జనవరిలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అత్యంత తీవ్రమైన హెచ్చరిక జోడించింది. రెండో షరతు మరీ ముఖ్యం. బిస్ఫాస్ఫోనేట్ల లాగా ఇది ఎముకలో నిలవ ఉండదు. సూది ఆలస్యమైతే అణిగి ఉన్న కరిగే ప్రక్రియ ఒక్కసారిగా లేస్తుంది. ఒకటి కాదు, రెండు మూడు వెన్నుపూసలు వెంటవెంటనే విరిగిన సందర్భాలున్నాయి. ఏడో నెల దాటనివ్వకూడదు. ఆపాలంటే దాని స్థానంలో బిస్ఫాస్ఫోనేట్ మొదలుపెట్టి ఆపాలి. పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లి ఆరు నెలలుండి వచ్చే తల్లిదండ్రులకు ఇది ప్రత్యేకంగా చెప్పాలి. ఆ ప్రయాణం నిడివీ సూదికీ సూదికీ మధ్య ఎడమూ ఒకటే. టికెట్టు తీసుకునేముందే సూది తేదీ చూసుకోవాలి.

కొత్త ఎముకను పెంచే టెరిపరటైడ్ రోజూ వేసుకునే సూది. మొత్తం మీద రెండేళ్లకు మించి సాధారణంగా వాడరు. ఇది రక్తంలో క్యాల్షియాన్ని కొన్ని గంటలపాటు పెంచుతుంది కాబట్టి దీనితో క్యాల్షియం బిళ్ళలు అతిగా వాడకూడదు. కిడ్నీలో రాళ్లున్నవారు ముందే చెప్పాలి.

దవడ, తొడ ఎముక, విరామం

2003లో బిస్ఫాస్ఫోనేట్లు వాడినవారిలో దవడ ఎముక బయటపడి మానకపోవడాన్ని గుర్తించారు. క్యాన్సర్‌కు పెద్ద మోతాదుల్లో వాడేవారిలో ఇది ఎక్కువ; బోలు ఎముకల మోతాదుల్లో చాలా అరుదు. పీకించాల్సిన పన్ను ఉంటే మందు మొదలుపెట్టే ముందే పీకించుకోవాలి. దీర్ఘకాలం వాడినవారిలో అరుదుగా తొడ ఎముక మధ్యలో అడ్డంగా విరుగుతుంది; అంతకు వారాల ముందు నుంచే తొడలో, గజ్జల్లో నొప్పి ఉండవచ్చు. ఆ నొప్పిని పట్టించుకోవాలి. ముప్పు తక్కువగా ఉన్నవారికి ఐదేళ్ల బిళ్ళల తర్వాత, మూడేళ్ల జోలెడ్రోనిక్ ఆమ్లం తర్వాత డాక్టరు కొంత విరామం ఇవ్వవచ్చు. డెనోసుమాబ్‌కు అలాంటి విరామం లేదు. మందుకు విరామమిచ్చినా తిండిలో క్యాల్షియానికీ విటమిన్ డికీ విరామం ఉండదు.

ఫ్లోరైడ్ నేలలు

మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో, తాగునీటి ఫ్లోరైడ్ వల్ల ఎముకలు దెబ్బతినే ఫ్లోరోసిస్ ఉందని 1937లో వైద్య పత్రికలకెక్కింది. ఆనాటి ఆ జిల్లాలోని కొంత భాగం ఇప్పటి ప్రకాశం జిల్లాలో ఉంది. నల్లగొండ గ్రామాల గోడు తెలుగువారందరికీ తెలిసిందే. ఈ ప్రాంతాల వారి విషయంలో డెక్సా స్కాన్ తప్పుదారి పట్టించవచ్చు. ఫ్లోరైడ్ చేరిన ఎముక స్కాన్‌లో దట్టంగా కనిపిస్తుంది, గట్టిగా మాత్రం ఉండదు. దీన్ని ఒకనాటి చికిత్స ప్రయత్నమే నిరూపించింది. సోడియం ఫ్లోరైడ్‌ను బోలు ఎముకలకు మందుగా ఇచ్చి చూసిన పరీక్ష ఫలితాలు 1990లో వచ్చాయి. నడుము వెన్నుపూసల సాంద్రత 35 శాతం పెరిగింది గానీ వెన్నులో విరుగుళ్లు తగ్గలేదు. మిగతా ఎముకలు ఇంకా ఎక్కువగా విరిగాయి.

తిండిలో క్యాల్షియం తక్కువైతే ఫ్లోరైడ్ చేసే హాని ఎక్కువవుతుంది. కొందరిలో, రక్తంలో క్యాల్షియాన్ని అదుపు చేసే పారాథైరాయిడ్ గ్రంథులు అతిగా పనిచేస్తుంటాయి, కిడ్నీలూ దెబ్బతిని ఉండవచ్చు. కనుక ఆ ఊళ్ల నుంచి వచ్చిన రోగిని ముందు ఏ నీళ్లు తాగి పెరిగారో అడగాలి. తర్వాత క్యాల్షియం, విటమిన్ డి, పారాథైరాయిడ్ హార్మోను, క్రియాటినిన్ పరీక్షలు చూసి, లోటు పూడ్చి, ఆ పైనే ఎముకల మందు సంగతి తేల్చాలి.